ప్రాచీన ఈజిప్టునందలి కర్షకులును శిల్పులును

ఈజిప్టుదేశచరిత్రము చిరకాలము రాజులచరిత్రముగనే వ్రాయఁబడినది. దానికిఁ గారణము లేకపోలేదు. రాజులు తమ విజయములను దానములను ఱాతిపైఁ జెక్కించిరి; ఱాయి నిలిచినది. పైరు పండించినవాని గుడిసె పచ్చియిటుకలతోఁ గట్టఁబడినది. అది నైలునది యొండ్రులోఁ గలసిపోయినది. పిరమిడ్డులను, కర్ణాకునందలి స్తంభములను, రాజసమాధులలోని బంగారమును జూచి యచ్చెరువొందువారు, వానిని నిర్మించినవారు నాఁడేమి తినిరి, ఆ తిండి యెవరిపొలమునుండి వచ్చెను, ఎవరు కొలిచిరి, కొలఁతలో లోటు వచ్చినపు డేమి జరిగెను అను ప్రశ్నలను సాధారణముగా వేయరు. ఈ ప్రశ్నలకుఁ బ్రత్యుత్తరములు రాజశాసనములలోఁ గాక, కుండపెంకులమీఁదను సున్నపుఱాతి పెచ్చులమీఁదను పపైరసుపత్రములమీఁదను లభించుచున్నవి.

ప్రాచీన ఈజిప్టుచరిత్రము సుమారు మూఁడువేల సంవత్సరముల విస్తృతి గలది. అంతటి కాలమున కొక్కటే వర్ణనము చెల్లదు. అందుచేత, నవీనరాజ్యమని చరిత్రకారులు వ్యవహరించు కాలము, అనఁగా సుమారు క్రీ. పూ. 1550 మొదలు 1070 వఱకుఁ గల కాలమును, అందును థీబ్సునగరమును దాని పశ్చిమతీరమును ఇచట ముఖ్యముగా గ్రహింపఁబడినవి. ఆ ప్రదేశమున రాజసమాధులను దొలిచిన శిల్పులగ్రామ మొకటి తన లెక్కలతోడను దన జగడములతోడను భూగర్భమునుండి వెలువడినది. వారి బత్తెముజాడఁ బట్టి పోయినయెడల, నగరమునందలి గాదెలును, నావలును, కళ్లములును, తుదకుఁ బొలమునందు నిలిచిన కర్షకుఁడును గోచరింతురు.

నైలునదియు ఋతువులును

ఈజిప్టునందు వాన మిక్కిలి తక్కువ. పైరున కాధారము నైలునదియే. ఇథియోపియా మెట్టభూములలోఁ గురిసిన వేసవివానలవలన నీనది ప్రతిసంవత్సరము ఆషాఢశ్రావణముల ప్రాంతమునఁ బొంగి, యొడ్డులు దాటి, పొలములపైఁ బ్రవహించి, ఆశ్వయుజకార్తికముల నాఁటికిఁ దీసిపోవుచుండెడిది. పోవుచు నల్లని యొండ్రును విడిచిపోయెడిది. ఒండ్రుపఱచిన నేలను ఈజిప్టువారు ‘కెమెత్’, అనఁగా నల్లనేల యనిరి. దానికావలనున్న యెడారిని ‘దెష్రెత్’, అనఁగా నెఱ్ఱనేల యనిరి. నల్లనేల బ్రదికినవారికి, ఎఱ్ఱనేల చచ్చినవారికి. 1970వ సంవత్సరమున ఆస్వానునొద్ద మహాసేతువు పూర్తియైనపిదప నీపొంగు నిలిచిపోయినది. కావున నిపుడు చెప్పఁబడునది గతించిన నదియొక్క చరిత్రము.

ఈ నదినిబట్టియే సంవత్సరము మూఁడు ఋతువులుగా విభజింపఁబడెను. మొదటిది ‘ఆఖెత్’, వెల్లువకాలము. రెండవది ‘పెరెత్’, నేల నీటినుండి వెలువడి పైరు మొలచుకాలము. మూఁడవది ‘షెము’, కోఁతకాలము. ఒక్కొక్కటి నాలుగేసి నెలలు, నెలకు 30 దినములు, ఏఁటికొనను 5 అధికదినములు, వెరసి 365. సూర్యసంవత్సరమున మిగులు పావుదినము లెక్కకు రాకపోవుటచే నాలుగేండ్ల కొకదినముచొప్పునఁ బంచాంగము ఋతువులనుండి జాఱిపోవుచుండెను. పంచాంగమునఁ గోఁతయని పేరున్నను బొలమున వెల్లువ యుండుట సంభవించెడిది. లేఖకుఁడు పంచాంగమును జూచి తేదివేసెను. కర్షకుఁడు నదిని జూచి విత్తెను.

వ్యవసాయపద్ధతి సులభముగాఁ గానవచ్చును గాని శ్రమలేనిది కాదు. వెల్లువకు ముందే పొలములచుట్టు మట్టిగట్లు వేసి విశాలములైన మళ్లుగాఁ జేసెడివారు. పొంగిన నీటిని ఆ మళ్లలోనికిఁ బంపి, యాఱేడువారములు నిలువఁబెట్టి, నేల తడిసి యొండ్రు దిగినపిదప మిగిలిన నీటిని నదికి వదలెడివారు. ఆ బురదలో విత్తులు చల్లి, యెద్దులఁ గట్టిన తేలికనాగలితో దున్ని కప్పెడివారు. తోఁటలకు మాత్రము నీరు తోడవలసియుండెను. నవీనరాజ్యకాలపు సమాధిచిత్రములలో దీనికై యేర్పడిన సాధన మొకటి కానవచ్చుచున్నది: నిలువుగుంజపై నొక దూలము, దాని యొకకొనను బొక్కెన, వేఱొకకొనను మట్టిముద్ద. ఆంధ్రదేశపు టేతమువలె నిదియుఁ దులాదండన్యాయమునఁ బనిచేయును. దూలముపై మనుష్యుఁడు నడచుటకు బదులు మట్టిముద్దయే ప్రతితూకముగా నుండుట భేదము. ఇది కూరలకును బూలకును జాలినది. గోధుమపొలమునకుఁ జాలినది కాదు. గోధుమ నదియనుగ్రహముననే పండవలెను.

పొంగు తక్కువైన మీఁదిపొలములకు నీరందక కఱవు వచ్చును. మిక్కిలి హెచ్చైన గట్లు తెగి గ్రామములు మునుఁగును. అందుచేతఁ బొంగునెత్తును గొలుచుట ప్రాచీనకాలమునుండియు రాజ్యకార్యముగ నుండెను. పాలెర్మోశిల యను పేరఁ బరఁగు నతిప్రాచీనమైన రాజవార్షికమునందు, ఒక్కొక్క సంవత్సరపు రాజకార్యములక్రింద నాయేఁటి పొంగు ఎత్తు మూరలలోను, బెత్తలలోను, వ్రేళ్లలోను వ్రాయఁబడియున్నది. రాజు చేసినపనుల కొకవరుస, నది చేసినపనికి నొకవరుస. పన్ను ఎంత రాఁగలదో రెండవవరుసయే తెలుపును.

కళ్లమునందలి కొలఁత

ముఖ్యమైన పంటలు ఎమ్మరు అను గోధుమజాతియు, యవలును, అవిసెయును. ఎమ్మరువలన రొట్టెయు, యవలవలన సురయు, అవిసెనారవలన బట్టయు నేర్పడెను. ఉల్లి, చిక్కుడుజాతులు, కూరలు తోఁటలలోఁ బండెను. చెకుముకిఱాతి పలుకులు పొదిగిన కొయ్యకొడవండ్లతో వెన్నులను గోసి, బుట్టలలోను వలలలోను గళ్లమునకుఁ జేర్చి, యెద్దులచేఁ ద్రొక్కించి, కొయ్యచేటలతోఁ దూర్పాఱఁబట్టెడివారు. థీబ్సు పశ్చిమతీరమునఁ గల మెన్నా యనువాని సమాధిలో నీ పనులన్నియుఁ జిత్రింపఁబడియున్నవి. మెన్నా రాజుగారి పొలములకు లేఖకుఁడు. కోఁతకుముందే త్రాటితోఁ బొలమును గొలుచువారును, పలకలుచేతఁబట్టి వ్రాయువారును ఆ చిత్రములలోఁ గలరు. ఒకమూల చెట్టునీడను బిల్లనగ్రోవి యూఁదువాఁడు గలఁడు. జుట్టుజుట్టు పట్టుకొని కలహించు నిద్దఱు బాలికలు గలరు. లేఖకులయెదుట దెబ్బలు తినుచున్నవాఁ డొకఁడును గలఁడు. చిత్రకారున కీ మూఁడును కోఁతదినములందు సహజముగాఁ గానవచ్చు దృశ్యములే.

ధాన్యపుమానములు నిర్ణీతములై యుండెను. ‘హిన్’ అనునది సుమారు అర్ధలీటరు. 40 హిన్నులు ఒక ‘ఓయిపె’. నాలుగు ఓయిపెలు ఒక ‘ఖార్’. నవీనరాజ్యకాలపు ఖారునకు సుమారు 77 లీటర్ల ధాన్యము పట్టును. సంస్కృతమునందలి ఖారీశబ్దముతో నీ పేరునకుఁ గల ధ్వనిసామ్యమును మాత్రమే యాధారముగాఁ గొని సంబంధము నూహించుట తగదు. పొలమునకు మానము, ప్రక్క కొక్కింటికి నూఱేసి మూరలుగల చతురము. అది యించుమించుగ నొక యెకరములో మూఁడింట రెండుపాళ్లు. గ్రీకు లీ మానమును ‘అరూర’ యనిరి.

ఈ కొలఁతయం దెంతటి సూక్ష్మదృష్టి యుండెనో విల్బరుపపైరసువలనఁ దెలియుచున్నది. ఐదవ రామెసెసు పరిపాలనమున నాల్గవ యేఁట, సుమారు క్రీ. పూ. 1143లో, మధ్యేజిప్టునందలి పొలములను గొలిచిన వివరము లా పత్రమునఁ గలవు. అది పదిమీటర్లకు మించిన పొడవుగలది. బ్రూక్లిను ప్రదర్శనశాలలో నున్నది. గార్డినరుపండితుఁడు దానిని 1941 మొదలు 1948 వఱకుఁ బ్రకటించెను. అందు నేలగుణమునుబట్టి అరూర కొక్కింటికి 5, 7½, 10 ఖార్ల లెక్క వేయఁబడినది. దేవాలయముల భూములును, ఫరో భూములును, పూజారులు, సైనికులు, అశ్వశాలాధికారులు, స్త్రీలు మొదలగువారు పట్టుకొనిన చిన్నచిన్న మళ్లును వరుసగా వ్రాయఁబడినవి. పొలము ఎవరిదని యడిగిన నొక్కమాటలోఁ బ్రత్యుత్తరము చెప్ప వీలులేదు. ఒకే మడిపై దేవునికిని, రాజునకును, అనుభవదారునకును, దున్నువానికిని వేర్వేఱు హక్కు లుండెను. గింజ యొకటి, దానికిఁ జాఁచినచేతులు పెక్కు.

నగరము

థీబ్సును ఈజిప్టువారు ‘వాసెత్’ అనిరి. తూర్పుతీరమునఁ గర్ణాకు, లక్సరు దేవాలయములును, వాని నాశ్రయించిన జనావాసములును గలవు. పశ్చిమతీరమున రాజుల శ్రాద్ధాలయములును, వాని వెనుకఁ గొండలలో సమాధులును గలవు. దేవాలయ మనఁగా గర్భగృహమును మంటపములును మాత్రమే కాదు. పొలములు, పశువులు, నావలు, నేఁతశాలలు, రొట్టెశాలలు, గాదెలు గల సంస్థయే దేవాలయము. రెండవ రామెసెసు కట్టించిన రామెస్సియమునందు గర్భగృహముచుట్టును బచ్చియిటుకల కమానుకప్పులుగల కొట్టములు వరుసలు దీఱియుండెను. మూఁడువేలసంవత్సరములు గడచినను వానిలోఁ గొన్ని నేఁటికిని నిలిచియున్నవి. పొలములనుండి నావలపై వచ్చిన ధాన్య మిట్టి గాదెలలోఁ జేరి, దేవునికి నివేదితమై, పిదపఁ బూజారులకును బనివారికిని బత్తెముగా వెలువడెను.

నగరమున నాణెము లేదు. ఐనను వెలయన్న నేమో వారెఱుఁగుదురు. ‘దెబెన్’ అను సుమారు 91 గ్రాముల తూకపు రాగి వెలకుఁ బ్రమాణము. రాగి చేతులు మాఱనక్కఱలేదు. గార్దభమున కింత, మంచమున కింతయని దెబెన్నులలో లెక్కకట్టి, యా వెలకు సరియగు నారబట్టయో, నూనెయో, ధాన్యమో, మేఁకయో యిచ్చెడివారు. ధాన్యమునకుఁ జిరకాలము వాడుకవెల ఖారునకు రెండు దెబెన్నులు. ఇపుయి యను శిల్పి సమాధిలో నదీతీరపుటంగడి చిత్రింపఁబడినది. నావలనుండి ధాన్యము దిగుచున్నది. ఒడ్డున స్త్రీలు రొట్టెలు మొదలగువానిని బెట్టుకొని కూర్చున్నారు. నావికులు తమ బత్తెపుగింజలనిచ్చి వానిని గొనుచున్నారు. నగరమున గింజయే తిండి, గింజయే జీతము, గింజయే చిల్లర.

శిల్పులగ్రామము

పశ్చిమతీరమునఁ గొండలనడుమ నీరులేని లోయలో నొక చిన్నగ్రామము గలదు. దాని నాఁటిపేరు ‘సెత్ మాత్’, అనఁగా సత్యస్థానము. నేఁడు దానిని దెయిర్ ఎల్ మెదీనా యందురు. పదునెనిమిదవ రాజవంశారంభమున నేర్పడి, యిరువదవ రాజవంశాంతమువఱకు, సుమారు నాలుగువందల యేఁబదియేండ్లు, రాజసమాధులను దొలిచి చిత్రించు శిల్పులు కుటుంబములతో నిచట వసించిరి. ఇటలీదేశీయుఁడగు స్కియాపరెల్లి 1905 మొదలు 1909 వఱకును, ఫ్రెంచివిద్వాంసుఁడగు బ్రుయేరు 1922 మొదలు 1951 వఱకును నిచటఁ ద్రవ్వించిరి. ప్రాకారములోపల సుమారు డెబ్బదిగృహములు బయల్పడినవి. ఇరుకువీథి, ఇరుప్రక్కల గోడకుగోడ యానుకొనిన యిండ్లు, ముందుగదిలో దేవతాపీఠము, నడిమిగదిలో స్తంభ మొకటి, వెనుక వంటిల్లు, మిద్దెపైకి మెట్లు, నేలక్రింద నేలమాళిగ.

శిల్పులసంఘము సాధారణముగా 40 మొదలు 60 మంది వఱకు నుండెను. నాల్గవ రామెసెసు దానిని 120కిఁ బెంచెను. నావలోని తెడ్లవారివలె వీరును కుడిప్రక్క, ఎడమప్రక్క యని రెండుజట్టులు. జట్టున కొక పెద్ద. అందఱిపై వ్రాఁతపనికి లేఖకుఁడు. పదిదినములు వారము, ఎనిమిదిదినములు పనిచేసి రెండుదినములు విశ్రమించుట పరిపాటి. రాజునకుఁ జెందిన రాగియులులను ఱాతిగుండుతోఁ దూఁచి యిచ్చి, అరిగినపిదప మఱలఁ దూఁచి పుచ్చుకొనెడివారు. సమాధిలోపలి చీఁకటిలో వెలిఁగించు దీపపువత్తులకుఁ గూడ లెక్క యుండెను. రెండవ రామెసెసు నలువదవయేఁటి హాజరుపట్టిక యొకటి లండనునందలి బ్రిటిషు ప్రదర్శనశాలలో నున్నది. నలువదిమంది పనివారు 280 దినములలో నేయేదినములఁ బనికి రాలేదో, యెందుకు రాలేదో సున్నపుఱాతి పలకపై వ్రాయఁబడినది. ఒకనికిఁ గన్నుల జబ్బు. ఒకనిని దేలు కుట్టినది. ఒకఁడు తల్లిశవమునకు సంస్కారముచేయఁ బోయెను. ఒకఁడు పండుగకు సురకాఁచుచుండెను.

ఈ గ్రామస్థులు పైరుపెట్టువారు కారు. త్రాగునీరుకూడ గార్దభములపైఁ బల్లమునుండి రావలసినదే. నీళ్లుమోయువారు, చేఁపలుపట్టువారు, తోఁటవారు, కట్టెలు తెచ్చువారు, కుమ్మరులు, చాకలులు వీరికొఱకుఁ బ్రత్యేకముగా నియమింపఁబడిరి. నెలజీతము ధాన్యమే. శిల్పికి నెలకు రొట్టెకై 4 ఖార్ల యెమ్మరును, సురకై 1½ ఖారు యవలును; జట్టుపెద్దకు 5½యు 2యు. శిల్పికిఁ గలిగిన 5½ ఖార్లు సుమారు 420 లీటర్లు. దినమునకుఁ బదునాలుగు లీటర్లు. ఇది చిన్నకుటుంబము తినుదానికంటె నధికము. మిగిలినదే వారి వ్యాపారమునకు మూలధనము. ధాన్యము గింజగనే వచ్చెను గాని పిండిగా రాలేదు. దానిని దంచుట, తిరుగలిఱాతిపై వంగి విసరుట, రొట్టెలుకాల్చుట గృహమునందలి స్త్రీలపని. విసరుటకై రాజ్యమిచ్చిన దాసీజనము దినములలెక్కను ఇండ్లకుఁ బంచఁబడెడిది. ఆ దినములును అమ్మకమునకుఁ గొనుగోలునకుఁ బాత్రములే. ఱాతిపొడియు నిసుకయుఁ గలసిన రొట్టె తిని వారి పండ్లెట్లరిగినవో శవములే చెప్పుచున్నవి.

ఆకలి

మూఁడవ రామెసెసు రాజ్యమేలిన యిరువదితొమ్మిదవయేఁట, సుమారు క్రీ. పూ. 1157లో, ఈ బత్తెము తప్పెను. ఆ సంగతులను గ్రామలేఖకుఁడగు ఇపుయిపుత్రుఁడు అమెన్నఖ్తు నాఁటికి నాఁడు వ్రాసిపెట్టెను. ఆ పపైరసు ఇటలీయందలి ట్యూరిను ప్రదర్శనశాలలో నున్నది. పెరెత్ ఋతువున రెండవనెల పదవదినమున శిల్పులు పని విడిచి, సమాధిభూమి కావలిగోడ లైదింటిని దాటి వచ్చి, తా మాఁకలిగొనియున్నామనియు, నెలలోఁ బదునెనిమిదిదినములు గడచిన వనియుఁ జెప్పి, మూఁడవ తుత్మోసు ఆలయమువెనుకఁ గూర్చుండిరి. అధికారులు లోపలికి రండని పిలిచినను రాలేదు. తరువాతిదినములలో రామెస్సియమునకుఁ జేరిరి. ధాన్యపుఁ గొట్టములు వరుసలుగాఁ గల యాలయమునొద్దనే యాఁకలిగొన్నవారు కూర్చుండిరి.

వారు చెప్పినమాటల సారాంశమును లేఖకుఁడు పొందుపఱచెను. ఆఁకలిదప్పులే తమ్మిచటికిఁ దెచ్చినవనియు, బట్టలేదు, నూనెలేదు, చేఁపలేదు, కూరలేదనియు, ఈ సంగతి ప్రభువగు ఫరోకును మహామంత్రికిని వ్రాసి పంపుఁడనియు వారి విజ్ఞప్తి. వెనుకటినెల బత్తె మపుడు కొలిచిరి. అంతటితో సమసిపోలేదు. కావలివారి పెద్దయగు మెంతుమోసు, తలుపులు మూసికొని యాలుబిడ్డలతో రండు, సేతిరాజు నాలయమునకుఁ దీసికొనిపోయెద నని శిల్పులకే తోడ్పడఁ జూచెను. నాల్గవనెల యిరువదియెనిమిదవదినమున మహామంత్రి తో, రాజు జరుపఁబోవు మహోత్సవమునకై దక్షిణదేశపు దేవతామూర్తులను దీసికొని యుత్తరమునకుఁ బోవుచు, పనివారియొద్దకుఁ దాను రాక వర్తమానము మాత్రము పంపెను. గాదెలో నేమియు లేకున్నను దొరకినది యిచ్చెదనని యాతని మాట. దొరకినది సగముబత్తెము. ఒకసందర్భమున శిల్పులు తాము వచ్చినది యాఁకలిచేత మాత్రమే కాదనియు, ఈ స్థలమున నన్యాయము జరిగినదనియుఁ జెప్పిరి. చరిత్రలో వ్రాఁతమూలముగాఁ దెలియవచ్చిన మొదటి సమ్మె యిదియేయని పండితుల యభిప్రాయము.

ధాన్యము నిజముగా లేకపోయెనో, ఉండియు నధికారులచేతులలోఁ జిక్కెనో యా పత్ర మొక్కటియే తేల్చదు. ఐనను ఆ శతాబ్దమున ధాన్యపువెల రెండుదెబెన్నులనుండి యనేకరెట్లు పెరిగెనని యనంతరకాలపు పెంకులవలనఁ దెలియుచున్నది. జీతము గింజగాఁ బుచ్చుకొనువానికి వెల పెరిగినంతమాత్రమున నష్టములేదు. గింజ రానినాఁడే నష్టము. శిల్పుల మొఱ వెలనుగూర్చి కాక కొలఁతను గూర్చి యుండుటకు నిదియే కారణము.

కర్షకుని పలుకు

శిల్పుల యాఁకలి నేఁటికిని వినఁబడుచున్నది. వారు వ్రాయనేర్చినవారు, వారిలో లేఖకులుండిరి. మఱి వారికి గింజ పండించిన కర్షకుని మాట యెక్కడ? ఈజిప్టుజనులలో నధికసంఖ్యాకులు కర్షకులే యైనను, వారు తమచేతితో వ్రాసికొనిన దేమియు లేదనవచ్చును. వారినిగూర్చి యితరులు వ్రాసినదే కలదు.

అట్టివ్రాఁతలలోఁ బ్రసిద్ధమైనది పాఠశాలలలోఁ బిల్లలచే నెత్తివ్రాయించిన పాఠము. లాన్సింగు, సల్లియరు పపైరసులలో నిది గలదు. విత్తులలో సగము పురుగు తినెను. మిగిలినది నీటిగుఱ్ఱము తినెను. ఎలుకలు, మిడుతలు, పిచ్చుకలు, దొంగలు తమవంతు గైకొనిరి. ఇంతలో లేఖకుఁడు నావనుండి యొడ్డునకు దిగును. వెంట దుడ్డుకఱ్ఱలు పట్టిన భటులు. ధాన్యమిమ్మందురు, లేదు. కర్షకునిఁ గొట్టి, కట్టి, కాలువలోఁ ద్రోయుదురు; భార్యను బంధింతురు; పొరుగువారు పాఱిపోవుదురు. దీని నక్షరాల సాక్ష్యముగా గ్రహించుట పొరపాటు. బాలుని విద్యవైపు ద్రిప్పుటకై, లేఖకవృత్తి యొక్కటియే సుఖమని చాటుటకై కల్పింపఁబడిన వర్ణన మిది. ఇంతకంటెఁ బ్రాచీనమైన ఖెతి యుపదేశమునందును నిదేధోరణి గలదు. దాని ప్రతులు శిల్పులగ్రామముననే పెంకులపై విశేషముగా దొరకినవి. ఐనను అతిశయోక్తికి నాధార ముండవలెను. బాలు రందఱెఱిఁగినదైననే యా పాఠము వారిని భయపెట్టఁ గలదు. మెన్నా సమాధిలో దెబ్బలుతినువాఁ డీ వర్ణనమునకు సాక్షి.

పొలముకలవాని స్వరమునకు దగ్గఱగా వచ్చునవి హెకనఖ్తు ఉత్తరములు. ఇవి నవీనరాజ్యమునకుఁ జాల ముందు, పండ్రెండవ రాజవంశారంభకాలమునాఁటివి. వింలకు నాయకత్వమున న్యూయార్కు మెట్రోపాలిటను ప్రదర్శనశాలవారు 1921–22లో దెయిర్ ఎల్ బహ్రీయొద్ద వీనిని గనుఁగొనిరి. హెకనఖ్తు శ్రాద్ధపూజారి, పొలముగలవాఁడు. ఇల్లువిడిచి దూరముననుండి, యేపొలము కౌలునకుఁ బట్టవలెనో, ఇంటిలో నెవరికెంత ధాన్యము కొలువవలెనో పేరుపేరునను వ్రాసెను. పొంగు చాలని కాలమది. బత్తెము తగ్గించి, కోపింపవలదని, సగముతిండితోనైనను బ్రదుకుట మేలని యింటివారిని నోదార్చెను. ఇందు రైతుకుటుంబమునందలి యాఁకలి కన్నులఁ గట్టుచున్నది. ఐనను ఈతఁడు యజమానుఁడు. పొలమున దున్నినవాఁ డీతని యుత్తరమునందు లెక్కలోని యొక పేరు మాత్రమే.

కొలపాత్రకు రెండుకొనలు

సమ్మెజరిగిన సుమారు డెబ్బదియేండ్లకు, పదునొకండవ రామెసెసు పండ్రెండవయేఁట, మఱియొక పపైరసు వ్రాయఁబడెను. అదియు ట్యూరినుననే యున్నది. సమాధిసంఘమునకు లేఖకుఁడగు ధుత్మోసు నావలతో థీబ్సునకు దక్షిణముగాఁ బోయి, ఊరూరను ఫరో భూముల ధాన్యమును వసూలుచేసి తెచ్చిన లెక్క యది. ఎవరియొద్ద నెన్నిఖార్లు పుచ్చుకొనెను, నావికుల బత్తెమున కెంత పోయెను, పశ్చిమథీబ్సు నగరాధిపతి కెంత యొప్పగించెను అను సంగతు లందు గలవు. రాజ్యయంత్రము సడలి గింజ తనంతట రానందున, గింజను దినవలసినవారి లేఖకుఁడే కళ్లమునకుఁ బోవలసివచ్చెను.

ఈ ధుత్మోసు మఱెవరో కాఁడు; సమ్మెను వ్రాసియుంచిన అమెన్నఖ్తునకు మునిమనుమఁడు. అమెన్నఖ్తు కుమారుఁడు హర్షిరె, అతని కుమారుఁడు ఖాఎమ్హెద్జె, అతని కుమారుఁడు ధుత్మోసు. ఈ వంశమున లేఖకవృత్తి తండ్రినుండి కుమారునకు వచ్చెను. ముత్తాత, బత్తెము రాలేదని యాలయద్వారమునఁ గూర్చున్నవారి మొఱను వ్రాసెను. మునిమనుమఁడు, నావనుండి యొడ్డునకు దిగి గింజ కొలుమని యడిగెను. పాఠశాలలో బాలు రెత్తివ్రాసిన పాఠమునందలి లేఖకుఁ డెచట నిలిచెనో యీతఁడును నచటనే నిలిచెను. ఈతఁడు కొట్టించెనని పత్రమునందు లేదు. క్రూరుఁడని తలఁచుటకు నాధారములేదు. ఈతని స్వంత యుత్తరములు పెక్కు లభించినవి, వానిలో నింటివారి క్షేమమునకై తపించు మనుష్యుఁడే కానవచ్చును. ఐనను ఖారు నిండవలెనన్న నెవరికళ్లమో తఱుగవలెను. శిల్పికి రావలసిన 5½ ఖార్లును, కర్షకుఁ డీయవలసిన ఖార్లును ఒకే కొలపాత్రతోఁ గొలువఁబడినవి. ఒకకొనను జరిగినది తిథివారసహితముగా నిలిచినది. రెండవకొనను జరిగినది యంకెగా మాత్రము నిలిచినది.

సేతిరాజునకును రెండవ రామెసెసునకును గాలమువాఁడగు సెన్నెద్జెము అను శిల్పి సమాధి 1886లో నీ గ్రామమునొద్దనే కనుఁగొనఁబడెను. గోడపై పరలోకమునందలి ‘ఇయారు’ పొలములు చిత్రింపఁబడినవి. సెన్నెద్జెము తెల్లని నారబట్టలు ధరించి నాగలి దున్నుచున్నాఁడు. భార్య ఇయినెఫెర్తి వెనుక విత్తులు చల్లుచున్నది. ఇరువురును గోధుమవెన్నులు కోయుచున్నారు, అవిసె పెఱుకుచున్నారు. బట్టపై బురదచుక్క లేదు. ఇహమున నులిపట్టి బ్రదికినవాఁడు పరమునఁ దన గింజ తానే పండించుకొనఁ గోరెను. ఐనను ఈజిప్టువారి మృతగ్రంథమునందు, పరలోకపుఁ బొలమున వెట్టికిఁ బిలుపు వచ్చినయెడల మృతునికి బదులు తానే పోయెదనని చిన్నబొమ్మ పలుకవలసిన మంత్ర మొకటి గలదు. అందుకై యట్టి బొమ్మలు సమాధులలో నుంపఁబడెను. వెట్టిలేని స్వర్గమును వా రూహింపలేదు. వెట్టికి బదులొకఁడు దొరకు స్వర్గమును మాత్ర మూహించిరి.

ఈజిప్టుచరిత్రమును జదువువారు ప్రతి యాలయము వెనుకను గాదెను, ప్రతి గాదె వెనుకను గళ్లమును జూడవలసియున్నది. లేఖకులు వ్రాసినదానిని గ్రహించునపుడు వ్రాయనివారి కొలఁతయు నందే యిమిడియున్నదని గుర్తింపవలసియున్నది. శిల్పుల మొఱ కొక పపైరసు దొరకినది. కర్షకుని మొఱకుఁ బత్రము లేదు; విల్బరుపపైరసునందలి యంకెలును, ధుత్మోసు లెక్కలోని ఖార్లును, మెన్నా గోడపై నేలఁబడియున్న యా మనుష్యుఁడును ఆ లోపమును గొంతవఱకుఁ బూరించుచున్నవి.